కిటికీకి ఎదురు కుర్చీ

ఫోను పెట్టేసి కొత్త పెళ్ళికూతురు మంచమ్మీద రెండుసార్లు ఎగిరింది.

"ఏవండీ, వచ్చేసింది! ఉద్యోగం నాదే!"

సగం గడ్డం గీసుకున్న భర్త నురుగు మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆమె ముక్కుకీ ఇంత నురుగు అంటింది.

పెళ్ళయి రెండు నెలలు. ఒకటే గది. ఇద్దరూ సంపాదిస్తే బాల్కనీ ఉన్న ఇంట్లోకి మారొచ్చు. ఆ బాల్కనీలో ఏ మూల ఏ పూలకుండీ పెట్టాలో కూడా ఎప్పుడో ఖాయం చేసేసుకున్నారు.

"ముందు సినిమాకా, షికారుకా?" అన్నాడు భర్త.

"ముందు భూతద్దం పని పట్టాలి," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ.

అతను పకపకా నవ్వాడు. నాలుగు రోజులుగా ఇంట్లో ఆ పేరే మోగుతోంది మరి.

నాలుగు రోజుల కిందట కళ్ళద్దాల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. లెన్సుల్లో గీతలు, మచ్చలు పట్టుకునే పని. ఉన్నది ఒక్కటే ఖాళీ. కొత్త బట్టలు, కొత్త చెప్పులు, భర్త కొనిచ్చిన గులాబీ క్రీము చేతులకి దట్టంగా పట్టించి మరీ వెళ్ళింది. అందరూ కూర్చున్న గదిలో కిటికీకి ఎదురుగా కుర్చీ దొరికింది. వెచ్చటి ఎండ, బయట పిచ్చుకలు. 'ఎంత మంచి చోటో!' అని మురిసిపోయింది.

ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి ఓ యాభై ఏళ్ళావిడ కూర్చునుంది. మెడలో దారానికి వేలాడుతున్న భూతద్దాల్లాంటి కళ్ళద్దాలు, ఒళ్ళో గుడ్డ సంచి. అందరి చేతుల్లోనూ ఫైళ్ళున్నాయి, ఆవిడ చేతిలో లేదు.

"ఏమ్మా, దుకాణం చీటీ నీ వీపు మీదే ఉంది. డ్రెస్సు ఎంతకి కొన్నావో అందరం చదివేశాం," అంది ఆవిడ గట్టిగా.

గదంతా గొల్లుమంది.

ఆవిడ సంచిలోంచి చిన్న కత్తెర తీసి, చీటీ కసుక్కున కత్తిరించి ఆమె చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వాసన చూసింది.

"ఏంటిది రాసుకున్నావ్? పో, సబ్బుతో కడుక్కురా. రెండుసార్లు."

"ఎందుకండీ?"

"చెప్తే గానీ కదలవా? లే!"

మళ్ళీ నవ్వులు. ఆమెకి తల తీసేసినట్టయింది. కడుక్కుని వచ్చేసరికి ఆవిడ ఈమె కుర్చీలో దర్జాగా కూర్చునుంది.

"అది నా కుర్చీ అండీ!"

"నీ పేరేమైనా రాసుందా? నువ్వటు, నా కుర్చీలో కూర్చో."

'ఇక్కడ పాతుకుపోయిన ఉద్యోగి అయ్యుంటుంది, లేకపోతే ఇంత పెత్తనమా!' అనుకుని ఆమె పళ్ళు నూరుకుంది. ఉద్యోగం కావాలి కాబట్టి నోరు మూసుకుంది. పిలుపు రాగానే ఆ మంటతోనే లోపలికెళ్ళింది. మసక గదిలో చిన్న దీపం కింద ఇరవై లెన్సులు పెట్టారు. కసికొద్దీ ఒక్క మచ్చనీ వదల్లేదు.

దుకాణం చీటీని మాత్రం పర్సులో భద్రంగా దాచుకుంది.

"ఇది ఆవిడ వీపుకే తగిలిస్తాను. తర్వాత 'చేతులు కడుక్కురండి, రెండుసార్లు' అంటాను," అంది ఇప్పుడు అద్దం ముందు తల దువ్వుకుంటూ.

"మూడుసార్లు అను," అన్నాడు భర్త.

"అవును, మూడు! వచ్చేసరికి ఆవిడ కుర్చీలో నేనుంటాను. చుట్టూ జనం ఉన్నప్పుడే అంటాను. ఎవరూ నవ్వకపోతే ఏం లాభం?"

"అమ్మో, నీతో జాగ్రత్తగా ఉండాలే!"

మధ్యాహ్నం అతను స్కూటర్ మీద ఫ్యాక్టరీ దగ్గర దింపి కిందే ఆగాడు. ఆమె పర్సు తడిమి చూసుకుని మెట్లెక్కింది.

గుమాస్తా కాగితాలు ముందు పెట్టాడు.

"ఇరవైకి ఇరవై పట్టుకున్నారమ్మా! పైగా లెన్సుల మీద ఒక్క వేలిముద్ర లేదు. మిగతావాళ్ళు క్రీములు, నూనెలు పూసుకొచ్చి అద్దాలన్నీ జిడ్డు చేశారు. ఆ జిడ్డులో వాళ్ళకి మచ్చలేం కనిపిస్తాయి?"

ఆమె కలం మూత తీసింది.

"అది సరే గానీ, మీ దగ్గర ఒకావిడున్నారు చూడండి. మెడలో కళ్ళద్దాలు, సంచిలో కత్తెర. ఏ సెక్షనండీ?"

"అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరే... ఓ, ఆవిడా! ఆవిడా ఇంటర్వ్యూకే వచ్చారమ్మా, మీ తర్వాత పిలిచింది ఆవిడనే. అందరికంటే ముందొచ్చి సర్టిఫికెట్లు నాకిచ్చేశారు. ఇరవై మూడేళ్ళు ఇదే పని చేశారట. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఇంట్లో ఇంకో ఆధారం లేదు పాపం."

"మరి?"

"పందొమ్మిదే పట్టుకున్నారు. ఎండ కళ్ళతో మసక గదిలోకొస్తే కాసేపు ఏమీ కనపడదు కదా? 'ఇంత అనుభవం ఉండి కిటికీకి ఎదురుగా ఎందుకు కూర్చున్నారమ్మా?' అంటే నవ్వి ఊరుకున్నారు. రేపు పదింటికొచ్చి సర్టిఫికెట్లు తీసుకెళ్తానన్నారు."

కలం సంతకంలో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. కింద స్కూటర్ హారన్ రెండుసార్లు హుషారుగా మోగింది.

"కానివ్వండమ్మా," అన్నాడు గుమాస్తా.

ఆమె కలానికి మూత పెట్టేసింది.

"సంతకం రేపు చూద్దామండీ. ఆవిడ మీద నాకో పగ ఉంది. రేపు పదింటికి ఇద్దరికీ మళ్ళీ పరీక్ష పెట్టించండి. ఈసారి కిటికీకి ఎదురుగా నేను కూర్చుంటాను."