పన్నెండో పతకం

గడియారాలు బాగుచేసే మేస్త్రీ మెత్తటి కుంచెతో పదకొండో కంచు పతకాన్ని తుడిచి, గోడకు తగిలించాడు.

"ఇంక చోటెక్కడుందండీ?" అంది భార్య. "బతికున్నన్నాళ్లూ మన గడప తొక్కని మనిషి. పోయాక గోడలన్నీ ఆక్రమించాడు."

పతకం మీది మనిషి సామాన్యుడు కాదు. రెండు బ్యాంకులకు యజమాని. చిత్రకారులకూ సంగీతం వాళ్లకూ పెద్ద దిక్కు. ఆయన ఓ చిత్రశాల కట్టించినా, ఓ నాటకాల హాలు తెరిచినా, ఆ గుర్తుగా ఆయన ముఖంతో పతకం పోతపోయించేవారు. మొత్తం పన్నెండు రకాలు.

మేస్త్రీ ఇరవై ఏళ్లుగా వాటి వెంటపడ్డాడు. పాతసామాన్ల కొట్లన్నీ గాలించాడు. గడియారం బాగుచేసి, కూలికి బదులు పతకం పట్టుకొచ్చిన రోజులున్నాయి. వీధిలో వాళ్లు "పతకాల పిచ్చోడు" అంటే నవ్వి ఊరుకునేవాడు.

ఆఖరిది ఓ రిటైరైన సంగీతం టీచరు దగ్గరుందని తెలిసింది. ఆదివారం భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు.

టీచరమ్మ మొహమాటపడలేదు. "అమ్మను నాయనా. నా మొదటి కచేరీ అయ్యాక ఆయన స్వయంగా చేతికిచ్చింది."

మేస్త్రీ ముఖం వాడిపోయింది. ఏం చేయాలో తోచక, గోడమీద ఆగిపోయి ఉన్న గడియారాన్ని దించి, ఒళ్లో పెట్టుకుని విప్పడం మొదలెట్టాడు.

"ఇంతకీ ఆయన నీకేం చేశాడు? ఉద్యోగం ఇప్పించాడా?" అంది టీచరమ్మ.

"ఆయన ఇష్టంగా ఇచ్చిందేం లేదండీ. అయినా మా ఇంట్లో దీపం వెలుగుతోందంటే ఆయన చలవే."

టీచరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మేస్త్రీ భార్య వైపు తిరిగింది. "నీకూ ఇంత పిచ్చేనా అమ్మా?"

"నాకెందుకండీ పిచ్చి. పొద్దున లేస్తే చాలు, పదకొండు చోట్ల నుంచి మూతి బిగించుకుని చూస్తుంటాడు. నాలుగు మాటలు అని గానీ పొయ్యి వెలిగించను."

"ఏమంటావు?"

"కాస్త నవ్వితే నీ సొమ్మేం పోయిందయ్యా అని."

టీచరమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. లేచి లోపలికెళ్లి, చిన్న గుడ్డమూట తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది.

"నా దగ్గరుంటే బీరువాలో పడుంటాడు. మీ ఇంట్లో తిట్లయినా తింటాడు. తీసుకెళ్లు."

ఆమె మూట విప్పింది. ఈ పతకంలో మూతి బిగింపు లేదు. బుగ్గలు పొంగి, కళ్లు సగం మూసుకుపోయి, ఆ పెద్దమనిషి హాయిగా నవ్వుతున్నాడు.

మేస్త్రీ కంటికున్న భూతద్దం తీసేశాడు. ఇరవై ఏళ్లు వెతికిన పతకాన్ని వదిలేసి భార్యనే చూస్తున్నాడు.

ఆమె బొటనవేలితో ఆ కంచు బుగ్గను మెల్లగా నిమిరింది.

"మీతో వచ్చేయకముందు, నాన్న నన్ను చూసి ఇలాగే నవ్వేవారండీ," అంది.