ఆదర్శ దంపతులు

"తలుపు తీయకు, ఇంకా ఒక కన్ను మిగిలింది," అన్నాడు రాణి అద్దం ముందు నుంచి.

అతనితో కలిసి ఉంటున్న బస్సు డ్రైవర్ అప్పటికే తలుపు తీసేశాడు. గుమ్మంలో కాలనీ సంఘం ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు. రాణి సగం రంగు వేసిన మొహంతో, విగ్గు చేత్తో పట్టుకుని బాత్రూంలోకి దూరాడు.

రాణి అన్నది క్లబ్బు వాళ్ళు పెట్టిన పేరు. రోజూ సాయంత్రం అక్కడ ఆడవేషం కట్టి పాడటం, ముందు వరస వాళ్ళని ఆటపట్టించి నవ్వించడం అతని ఉద్యోగం. క్లబ్బులో మేకప్ గది లేదు కాబట్టి ఇంట్లోనే తయారై వెళ్తాడు, అలాగే తిరిగొస్తాడు. దాంతో గౌను వేసుకున్న రాణిని కాలనీ అంతా బస్సు డ్రైవర్ భార్య అనుకుంటుంది. పగలు ప్యాంటూ చొక్కాతో తిరిగే రాణినేమో ఆవిడ తమ్ముడనుకుంటుంది. ఆ అక్కా తమ్ముళ్ళు ఒక్కసారి కూడా కలిసి కనిపించరేమని ఎవరికీ అనుమానం రాలేదు. డ్రైవర్ కూడా నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు.

"ఆదివారం మన హాల్లో సభ, తెలుసుగా," అన్నాడు ప్రెసిడెంటు కుర్చీ లాక్కుంటూ. "మగవాడు మగవాణ్ణి పెళ్ళి చేసుకోవచ్చని చట్టం కావాలట. బస్టాండు దగ్గర టెంటు వేసి మరీ గోల చేస్తున్నారు. అసలు పెళ్ళంటే ఏమిటో జనానికి చూపించాలి. అందుకని వేదిక మీద ఒక ఆదర్శ జంటని కూర్చోబెడుతున్నాం."

"మంచిదేనండీ."

"ఆ జంట మీరే."

డ్రైవర్ బాత్రూం వైపు చూశాడు. "మేమెందుకండీ. ఎవరైనా పెద్దవాళ్ళని..."

"పెద్దవాళ్ళు వేదిక మీద కూడా పోట్లాడుకుంటారయ్యా. అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చెయ్. ఆ బావమరిదిని మాత్రం తేకు. ఎప్పుడు చూసినా నిద్రమొహం, పనీ పాటా లేదు. ఎలా భరిస్తున్నావో ఏమో."

ప్రెసిడెంటు గారితో చిక్కేమిటంటే, ఎదుటివాళ్ళు నీళ్ళు నమిలినా ఆయనకి సరేనన్నట్టే వినిపిస్తుంది. పని అయిపోయిందనుకుని లేచి వెళ్ళిపోయాడు.

రాణి బయటికొచ్చాడు. ఒక కంటికి పొడుగాటి రెప్పలు, నీలం రంగు. రెండో కన్ను బోడిగా ఉంది.

"ఇంతకంటే మంచి అదను దొరకదు," అన్నాడు. "వేదిక వాళ్ళదే, మైకు వాళ్ళదే, జనాన్ని పోగేసేదీ వాళ్ళే. విగ్గు తీసి చెప్పేస్తాను."

"నీకు దండం పెడతాను, ఆ పని చెయ్యకు." డ్రైవర్ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. డిపోలో తలెత్తుకోలేను."

"రోజూ ఆ టెంటు దగ్గర ఎండలో నిలబడి ఎవరికోసం గొంతు చించుకుంటున్నాననుకున్నావ్? నీ బస్సు అటే పోతుంది. ఒక్కసారైనా నావైపు చూశావా?"

"రోడ్డు చూడాలి కదరా."

రాణికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఏడిస్తే వేసిన కన్ను కూడా పాడవుతుందని తల పైకెత్తి ఆపుకున్నాడు.

"సరే, చెప్పను. ఆదివారం నీ పెళ్ళాంలా బుద్ధిగా కూర్చుంటాను. సోమవారం నా పెట్టె సర్దుకుంటాను. పొద్దున బావమరిదిగా, సాయంత్రం ఆవిడగా బతకడం ఇక నావల్ల కాదు. ఎక్కడైనా నేను నేనుగా ఉంటాను."

డ్రైవర్ మంచం మీద కూలబడ్డాడు. ఉండిపొమ్మనాలని ఎంత ఉన్నా, "క్లబ్బుకి ఆలస్యమవుతుంది" అని మాత్రం అన్నాడు.

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. ఎంతమంది ముందైనా బెరుకు ఎరగని రాణి ఆ రోజు వేదిక మీద గౌను అంచు సర్దుకుంటూనే ఉన్నాడు. పక్క కుర్చీలో డ్రైవర్‌కి కుదురే లేదు. కాలు ఊపుతున్నాడు, కాలరు లాక్కుంటున్నాడు, తలుపు ఎటుందో వెతుక్కుంటున్నాడు.

"పారిపోతావా ఏంటి?" గొణిగాడు రాణి.

"నీళ్ళు తాగాలి."

"కాసేపు ఓర్చుకో. రేపట్నుంచి నీకు ఏ భయమూ ఉండదులే."

ఆ మాటకి డ్రైవర్ కాలు ఊపడం మానేశాడు.

ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. "ఈ అబ్బాయిని చూడండి. వాన పడితే గొడుగు పట్టుకుని స్టాపు దగ్గర నిలబడి ఉంటాడు. అమ్మాయికి కాళ్ళు నొప్పెడితే ఆ ఎత్తు మడమల చెప్పులు తన చేత్తో పట్టుకుని నడుస్తాడు. నేనైతే మా ఆవిడ చెప్పులు ఏ రంగువో ఇప్పటికీ చెప్పలేను." హాలంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న వాళ్ళావిడ మాత్రం నవ్వలేదు. "పెళ్ళంటే ఇదీ. నలుగురూ వీళ్ళని చూసి నేర్చుకోవాలి. ఏదీ, నువ్వే చెప్పు నాయనా, మీ పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

ఎవరడిగినా డ్రైవర్ ఆరేళ్ళంటాడు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాడు. రాణి ఆ జవాబుకి తగ్గ నవ్వు ముందే మొహానికి తగిలించుకున్నాడు.

డ్రైవర్ లేచాడు. మైకు అందుకోకుండా రాణి వెనక్కి వెళ్ళాడు. రెండు చేతులతో విగ్గు మెల్లగా ఎత్తి, తీసి, రాణి ఒళ్ళో పెట్టాడు. లోపల అణిగిపోయిన పొట్టి జుట్టు బయటపడింది.

"అతను ఆ డ్రైవర్ బావమరిది కదూ," అన్నారెవరో వెనక నుంచి.

ప్రెసిడెంటు చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, మైకు అందులోనే ఉంది. డ్రైవర్ రాణి భుజం మీద చెయ్యి వేసి, ఆ మైకులోకి వంగాడు.

"పెళ్ళింకా కాలేదండీ. మీరే కానివ్వడం లేదు."