లింగవ్వ కట్టిన ముడుపు

“హుండీల ఏసినవా వదినా?”

భారతమ్మ ఆటో దిగీ దిగకముందే పక్కింటి లింగవ్వ గేటు దగ్గరికొచ్చి అడిగింది. భారతమ్మ చేతిలో సంచి కింద పెట్టింది, మళ్లీ ఎత్తుకుంది.

“ఏసిన.”

“వచ్చే రోజే కదా?”

“ఆఁ, వచ్చే రోజే.”

లింగవ్వ ఆ కనపడని దేశం దేవుడికి అక్కడినుంచే దండం పెట్టుకుంది. భారతమ్మ తల వంచుకుని లోపలికి నడిచింది. ముడుపు కట్టిన పసుపు గుడ్డ ఆమె సంచిలోనే, చీరల అడుగున ఉంది. ఒట్టి గుడ్డ.

భారతమ్మ భర్త రాజలింగానికి సిద్దిపేటలో విత్తనాల దుకాణం. ఈ ఏడు అమ్మకం బాగుందని కంపెనీవాళ్లు దుకాణదారులందరినీ జంటలుగా మలేషియా తీసుకుపోయారు. కొడుకు సాయిప్రసాద్ తల్లి చేతిలో బ్యాంకు కార్డు పెట్టి, “పైసలు మోసుకపోవుడెందుకే అమ్మా? గిది మిషిన్ల పెడితే గాడి నోట్లు గాడనే వస్తయి,” అన్నాడు. నమ్మింది పిచ్చితల్లి.

బయల్దేరే ముందు రోజు లింగవ్వ, ఆమె భర్త ఉప్పలయ్య వచ్చి కూర్చున్నారు. ఉప్పలయ్యకు కంట్లో పువ్వు పూసి, ఆపరేషన్ దగ్గర పడింది. అయినా నోరు ఊరుకుంటుందా?

“నేను మస్కట్ పోయిన కొత్తల, చేతిల వాళ్ల పైస ఒక్కటి లేక, ఎయిర్‌పోర్టుల నల్లా నీళ్లు తాగుకుంట కూసున్న. మీదేముందక్కా, కార్డు గీకుడే,” అని నవ్వాడు.

అందరూ నవ్వారు, లింగవ్వ తప్ప. ఆమె లేచి ఇంటికి వెళ్లి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు తెచ్చింది.

“గాడ గుట్ట కాడ పెద్ద స్వామి ఉన్నడట. మన కొమురెల్లి మల్లన్న లెక్కనే అనుకున్న. తిరిగొచ్చే రోజు హుండీల ఏయి. ముందుగాల ఏయకు.”

“ఏం మొక్కినవే?”

“మొక్కు బయటికి చెప్తరా వదినా?”

చెప్పాలా ఏంటి? ఉప్పలయ్య కళ్లవైపు చూసి, భారతమ్మ ముడుపును నడుముకు దోపుకుంది.

విమానం దిగాక మామిడికాయ తొక్కు సీసా దగ్గర పేచీ వచ్చింది. అక్కడి అధికారులు సీసాను తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, చివరికి వదిలేసేసరికి తోటివాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు. వీళ్లిద్దరూ ఎక్కేశారులే అనుకున్నారు వాళ్లు. ఫోన్లు ఆ దేశంలో పలకలేదు. విమానంలో పెట్టిన తిండి సహించక, షుగర్ గోళీ మాత్రం వేసుకుని వచ్చిన రాజలింగానికి చెమటలు పట్టాయి.

“భారతీ, కండ్లు తిరుగుతున్నయే.”

ఆమె భర్తను గోడకు ఆనించి, డబ్బుల మిషన్ దగ్గరికి పరుగెత్తింది. కార్డు పెట్టింది. నోట్లు రాలేదు. ఇంకో మిషన్. అదీ అంతే. బయటి దేశంలో పనిచేసేలా బ్యాంకుకు చెప్పాలట, సాయిప్రసాద్ ఆ సంగతే మరిచాడు. పండ్లరసం దుకాణం ఎదురుగానే ఉంది. చేతిలో పైసా లేదు.

పక్కన డబ్బు మార్చే కిటికీ కనబడింది. మన నోట్లిస్తే వాళ్ల నోట్లిస్తారు. ఆమె దగ్గర ఉన్న మన నోట్లు ఎక్కడున్నాయో ఆమె నడుముకు తెలుసు.

లింగవ్వ ముళ్లు గట్టిగా వేసింది. పళ్లతో విప్పాల్సి వచ్చింది. కూరగాయలమ్మి కూడబెట్టిన నోట్లు, మడతలన్నీ పసుపే. కిటికీలో బొట్టు పెట్టుకున్న అరవమ్మాయి నోటును వాసన చూసి తలెత్తింది.

“కోయిలా?” అంది. గుడి డబ్బా అని అడుగుతోంది. భారతమ్మ తల దించుకుంది. ఆ పిల్ల ఇంకేమీ అడక్కుండా వాళ్ల దేశం నోట్లు చేతిలో పెట్టింది.

రసం తాగాక రాజలింగం తేరుకున్నాడు. మిగిలింది హోటల్ దాకా టాక్సీకి అయిపోయింది. తోటివాళ్ల దగ్గర బదులు తీసుకున్న డబ్బు కొంగున ముడేసుకుని, చివరి రోజు హుండీలో వేద్దామని భారతమ్మ కాచుకుంది. ఆ రోజు కుండపోత వాన. బస్సు గుట్ట దగ్గర ఆగలేదు. కిటికీలోంచి బంగారు రంగు స్వామి కనబడితే కళ్లు మూసుకుంది.

ఇక్కడికొచ్చాక ఉప్పలయ్యకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు.

“అంత మసకమసకనే ఉందక్కా,” అన్నాడు.

ఆ మాట విన్నప్పటినుంచి భారతమ్మకు ముద్ద దిగలేదు. లింగవ్వేమో ఎప్పట్లాగే గిన్నెలో కూర తెచ్చి, “తినరాదు వదినా, గట్ల చిక్కిపోయినవేంది?” అంటుంది.

“పైసలే కదనే, ఇచ్చెయ్యరాదు,” అన్నాడు రాజలింగం.

“పైసలు కాదయ్యా. దేవునికి కట్టిన ముడి. నా పండ్లతోని విప్పిన.”

ఇక ఆగలేక ఆ పసుపు గుడ్డ తీసుకుని పక్కింటికి వెళ్లింది. ఉప్పలయ్య నల్లద్దాలతో మంచం మీద ఉన్నాడు. లింగవ్వ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

“లింగవ్వా, నేను అబద్ధమాడిన. నీ ముడుపు స్వామికి చేరలే. నేనే వాడుకున్న. తమ్ముని కండ్లు నా పాపానికే గిట్లయినయి.”

లింగవ్వ చేతిలో కాయ ఆగింది.

“ఎప్పుడు విప్పినవ్?”

“దిగంగనే. కార్డు పని చెయ్యకపాయె. ఆయన పడిపోతుండె. చేతిల వాళ్ల పైస ఒక్కటి లేకపాయె.”

లింగవ్వ గుడ్డ అందుకుంది. పళ్ల గాట్లు పడిన చోట వేలితో తడిమి, కళ్లకద్దుకుంది.

“ఈయన కండ్లు నెలకు తేటవడతయని డాక్టర్ ముందే చెప్పిండు వదినా. దానికి నేనెందుకు మొక్కుత?”

“మరి దేనికి మొక్కినవే?”

లింగవ్వ ఒకసారి ఉప్పలయ్యవైపు చూసి అంది.

“పరాయి దేశంల పైస లేక నువ్వు తిప్పల పడొద్దని.”