ఆ కిటికీలోంచి చూడండి

గురువారం ఓస్మర్లీ హాల్ అనే పాత ప్రభువుల మేడ చూడ్డానికి వెళ్ళాలనీ, వస్తూ వస్తూ అక్కడి వెండి పొడుం డబ్బా జేబులో వేసుకు రావాలనీ విల్ఫ్రెడ్ టకెట్ నిశ్చయించుకున్నాడు. వంటింటి బల్ల మీద ఆ మేడ తాలూకు కరపత్రం పరిచి, పార్కు పటంలో గేటు నుంచి గుమ్మం దాకా పెన్సిలుతో గీత గీశాడు.

అతనేమీ దొంగ కాదు. బస్సులు నడిపి నడిపి రిటైరైన మనిషి. అతని నాయనమ్మ ఆడా చిన్నతనంలో ఆ మేడలో పనిపిల్ల. ప్రభువుగారి పొడుం డబ్బా కనబడలేదని ఆమె మీద దొంగ ముద్ర వేసి, వానలో బయటికి గెంటేశారు. తర్వాత ఆ డబ్బా ఆయనగారి వేటకోటు అస్తరులోనే దొరికింది. క్షమించమని ఆడాకి ఒక్కరూ కబురు చెయ్యలేదు. ఊళ్ళో ఆవిడ పోయేదాకా 'దొంగ ఆడా' గానే మిగిలింది. ఇప్పుడు అదే డబ్బాని బల్ల మీద దర్జాగా పెట్టి, టికెట్టు కొనిపించి మరీ చూపిస్తున్నారు.

"దొంగ పేరెలాగూ మనకొచ్చింది. వస్తువైనా రానీ," అన్నాడు భార్యతో.

"వస్తువు సంగతేమో గానీ పోలీసులొస్తారు," అంది మ్యూరియెల్, రొట్టెకి వెన్న రాస్తూ. "దొంగతనానికెళ్తూ శాండ్‌విచ్‌లు కట్టించుకునే మగాణ్ణి నిన్నొక్కణ్ణే చూశా."

"అక్కడి టీ గదిలో ధరలు చూశావా? నాకంటే వాళ్ళే పెద్ద దొంగలు."

పథకం చిన్నదే. అలాంటి మేడల్లో గదికొకరిద్దరు పెద్దవాళ్ళు జీతం లేకుండా కాపలా ఉండి, వచ్చేపోయేవాళ్ళకి ఆ వస్తువుల కబుర్లు చెబుతుంటారు. మెడలో బ్యాడ్జి, మొహాన చిరునవ్వు ఉంటే చాలు, నువ్వెవరని అడగడం మర్యాద కాదు. విల్ఫ్రెడ్ ఇంట్లోనే ఒక బ్యాడ్జి తయారుచేసుకున్నాడు. గదిలో జనం లేని క్షణం చూసి అడ్డంగా కట్టిన తాడు దాటి చెయ్యి చాపితే పనైపోతుంది.

ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఆ ప్రాంతంలో గురువారం విచిత్రంగా ఎండ కాసింది. పార్కులో జింకలు కూడా తననే అనుమానంగా చూస్తున్నట్టనిపించి, తల వంచుకుని నడిచాడు.

డబ్బా ఉన్న గదిలో ఒక మూల మిసెస్ పినాక్ అనే ముసలావిడ స్వెట్టర్ అల్లుతూ కూర్చుని ఉంది. కళ్ళజోడు మీదుగా అతని బ్యాడ్జిని చాలాసేపు చూసింది.

"కొత్తగా వచ్చారా?"

"అవునండీ," అన్నాడు విల్ఫ్రెడ్.

"మంచిది. నాకూ తోడు దొరికింది."

ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. ఒకరు షాండ్లియర్ గురించి అడిగారు. ఇంకొకరు గోడ మీది పటంలో ఉన్న లావుపాటి దొరసాని ఎవరన్నారు. తెలియదని చెప్పడానికి నోరు రాక, తోచినదల్లా కల్పించి చెప్పాడు. గది కాస్త ఖాళీ అయిందనుకునేసరికి పినాక్ మూలనుంచి కేకేసేది.

"ఇటు రండి! ఆయన్నడగండి, అన్నీ తెలుసు ఆయనకి!"

ఈ ముసలమ్మ నా కొంప ముంచేలా ఉందని పళ్ళు నూరుకున్నాడు విల్ఫ్రెడ్.

మధ్యాహ్నం గది నిండా జనం ఉండగా ఒకావిడ అడిగింది, "ఆ పొడుం డబ్బా కథేమిటండీ?"

ఈసారి విల్ఫ్రెడ్ కల్పించలేదు.

"ఆ కిటికీలోంచి చూడండి," అన్నాడు. "ఆ ఓక్ చెట్ల కింది బాట కనబడుతోందా? ఒక చిన్నపిల్ల, చెయ్యని తప్పుకి, రేకుపెట్టె మోసుకుంటూ ఏడుస్తూ ఆ బాటనే వెళ్ళిపోయింది. ఆ పిల్ల మా నాయనమ్మ."

అందరూ కిటికీ దగ్గర గుమిగూడారు. ఎవరో ముక్కు చీదుకున్నారు. "పాపం, ఎంత అన్యాయం!" అంది అడిగినావిడ. ఆ ఇంట్లో ఆడా దొంగ కాదని ఒకరు పైకి చెప్పడం అదే మొదటిసారి. విల్ఫ్రెడ్‌కి కడుపు నిండిపోయింది. ఇక డబ్బా లేకపోయినా ఫరవాలేదనుకుంటూ కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

బల్ల మీద డబ్బా లేదు.

మేనేజరు మిస్ ఫెన్విక్ పరుగున వచ్చింది. క్షమించమని వందసార్లు అంటూ చూడ్డానికొచ్చినవాళ్ళ సంచులన్నీ వెతికించింది. నాయనమ్మకి పట్టిన గతే తనకీ పట్టిందనుకున్నాడు విల్ఫ్రెడ్.

"ఆయన కిటికీ దగ్గర్నుంచి కదల్లేదమ్మా," అంది పినాక్ అల్లిక ఆపకుండా. "నేను చూస్తూనే ఉన్నాగా."

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాం మిమ్మల్ని. మీ మాట చాలు," అంది ఫెన్విక్. బ్యాడ్జి ఉన్నవాళ్ళ సంచులు వెతకడం మర్యాద కాదు గనక వాళ్ళిద్దర్నీ పంపేసింది.

ఓక్ చెట్ల బాట మీదికొచ్చాక పినాక్ ఆగింది. సంచిలోంచి ఊలు ఉండ తీసి, అందులో వేళ్ళు దూర్చి, వెండి పొడుం డబ్బా లాగి అతని చేతిలో పెట్టింది.

"నింద మోసింది మీ నాయనమ్మ. సొత్తు నీకు రావడమే న్యాయం," అంది. "వచ్చే గురువారం భోజనాల గదిలో నిలబడి ఇదే కథ చెప్పు. అక్కడి కిటికీ ఇంకా పెద్దది. అక్కడి వెండి కొవ్వొత్తి స్టాండ్లు మాత్రం నావి."

"మీరా!" అన్నాడు విల్ఫ్రెడ్ నోరు తెరిచి. "ఇన్నేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్నారని చెప్పిందే ఆ మేనేజరు!"

మిసెస్ పినాక్ మెడలోని బ్యాడ్జి తీసి జాగ్రత్తగా తుడిచి సంచిలో వేసుకుంది. "పొద్దున నీది చూడగానే పోల్చుకున్నాను నాయనా. నాదీ ఇంట్లో చేసుకున్నదే."