చెంబు అడుగు

పెళ్లిచూపులకొచ్చిన మనిషి ఇంటి నీళ్లు ముట్టకపోతే పుష్పానికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆమె పుట్టింటి పద్ధతి అది. పిల్లను చూడవచ్చినవాళ్లు చెంబు అడుగు కనిపించేదాకా తాగితే సంబంధం ఖాయం. పెదవికి ఆనించి పక్కన పెట్టారంటే మీ గడప మాకు తగదని మొహం మీద చెప్పినట్టే. తమిళనాట కోవిల్‌పట్టిలో ఇప్పుడు వాళ్లుండే వీధిలో కొళాయి వారానికోసారి వస్తే గొప్ప. అలాంటి చోట ఒకరి ముందు నిండు చెంబు పెట్టడమంటే మాటలా?

విరుదునగర్ నుంచి కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన గోవిందరాజ్‌కు ఆ ఇంగితం ఉన్నట్టు లేదు. పెళ్లికొడుకు తండ్రి కదా, వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా. సోకు! చెప్పుల్లో పట్టని లావుపాటి పాదాలు. కూర్చుని తిన్న ఒళ్లు! పుష్పం ఒక్క చూపులో మనిషిని తూచేసింది. తాలే తేలింది.

అసలీ సంబంధమే ఆమెకు ఇష్టం లేదు. కూతురు బృంద విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో ఏదో యంత్రం పక్కన కూర్చునే ఉద్యోగం చేస్తోంది. రోజూ బస్సులో వెళ్లొస్తుంది. అక్కడే ఈ హరికృష్ణన్‌ను చూసిందట. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని వారం రోజులు అన్నం మానేసింది. వంక దొరికితే తాంబూలం దాకా రానివ్వకుండా పంపేయాలని పుష్పం కాచుకుని ఉంది.

బృంద నీళ్లు తెచ్చింది. చూసి పుష్పం సిగ్గుతో చచ్చిపోయింది. పసిపిల్లలకు మందు పట్టే చిన్న గ్లాసు. అందులోనూ సగమే!

"ఏమే, పిచ్చుకకా తెస్తివి?"

"మామకు ఇది చాలమ్మా."

అప్పుడే మామట! గోవిందరాజ్ ఆ సగం గ్లాసులోనూ పెదవులు తడుపుకుని కింద పెట్టేశాడు. కాసేపటికి కాళ్ల దగ్గరున్న పసుపు సంచిలోంచి ఒక సీసా తీశాడు. దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, పక్కన ఒక గీత. గీత వంక చూసుకున్నాడు. మూతలో కాసిని పోసుకుని నాలుక మీద వేసుకున్నాడు. మళ్లీ బిగించాడు.

ఇంటినుంచి నీళ్లు మోసుకొచ్చుకున్నాడన్నమాట. పుష్పం ఒళ్లు భగ్గుమంది.

"రోజుకి ఎంత తాగతారన్నా?" తియ్యగా అడిగింది.

"ఈ సీసాలో గీత దాకా, చెల్లెలా. నా లెక్క అంతే."

"అయ్యయ్యో! కిలోకి ముప్పై మిల్లీ అని టీవీలో డాక్టరు చెప్పలేదా? మీరు ఎనబై కిలో ఉంటారు. రెండున్నర లీటరు తాగాల. నేను మూడు తాగతా. ఈ వయసులో ఒక్క మాత్ర లేదు చూడండి."

"అందరి ఒళ్లూ ఒకటి కాదు గదా."

"ఒళ్లు కాదన్నా, మనసు! మనసుంటే ఎవరింటి నీళ్లయినా దిగతాయి."

ఆమె భర్త గోపాలకృష్ణన్ హెచ్చరికగా దగ్గాడు. ఆయన దగ్గును పుష్పం పెళ్లయిననాటి నుంచీ ఖాతరు చేయలేదు. విసవిసా లోపలికి వెళ్లి, లీటరు పట్టే ఇత్తడి చెంబు అంచుదాకా నింపి తెచ్చి గోవిందరాజ్ ముందు పెట్టింది.

"ఇది మా అవ్వ చెంబు. మా ఇంట్లో మాటంటే ఇదే. తాగితే తాంబూలం మార్చుకుందాము. లేదంటే నాలుగింటికి మీ ఊరికి బస్సు ఉండాది."

"అమ్మా, వద్దు!" బృంద కేక వేసింది.

"పెద్దోళ్ల నడుమ నీకేమి పని? లోపలికి పో!"

హరికృష్ణన్ లేచి నిలబడ్డాడు. "అత్తా, నాన్నకు..."

గోవిందరాజ్ చెయ్యెత్తి కొడుకును ఆపాడు. చెంబు వంక చూశాడు. బృంద వంక చూశాడు. ఆ పిల్ల కన్నీళ్లతో వద్దు వద్దని తల ఊపుతోంది. ఆయన నవ్వాడు.

"బంగారమట్టాంటి పిల్లను అడగొస్తిమి. ఊరికే ఇస్తారా?"

చెంబెత్తాడు. ఆగి ఆగి, అడుగు కనిపించేదాకా తాగాడు.

పుష్పానికి పండగే అయింది. మెడలు వంచితే ఎవడైనా తాగుతాడు! దొరగారి బింకం ఒక్క చెంబుకు దిగిపోయింది. ఇచ్చిన మాట ప్రకారం తాంబూలం మార్చుకుంది. కానీ ఆ చెయ్యి అందిస్తున్నంతసేపూ ఆమె మూతి ముప్పై వంకరలు తిరుగుతూనే ఉంది.

వెళ్లేటప్పుడు గోవిందరాజ్ మెట్ల మీద రెండుసార్లు ఆగి ఆయాసపడ్డాడు. లీటరు నీళ్లకే ఇంత నటనా! బృంద చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి వాళ్లతో పాటు ఆటో ఎక్కేసింది. ఆస్పత్రికి పోనివ్వమని ఆటోవాడి మీద అరిచింది. తాళి పడకముందే మామగారి మీద ఈ ప్రేమ ఒలకబోత ఏమిటో! పుష్పం వీధిలో ఉమ్మేసి లోపలికి వచ్చింది.

కుర్చీ కింద పసుపు సంచి అలాగే ఉంది. గీతలు గీసుకుని తాగే మొహం!

సీసా తీసి చెత్తలో వేయబోతూ, ప్లాస్టర్ మీద తమిళ అక్షరాల్లో ఇంటి తెలుగును గుండ్రంగా పేర్చిన బృంద చేతిరాతను పుష్పం కూడబలుక్కుని చదివింది: "మామా, కిడ్నీ పని చేయని ఒళ్లు మీది, మళ్లీ నేను మిషను పెట్టేదాకా రోజుకి ఈ గీతే, ఒక్క గుక్క మించినా పానానికి మోసం."