అవతలి కొస

"కుంచెకు మనిషి కావాలా?" అన్నాడు కొత్తవాడు.

వరదప్ప చెవిలో కుంచె కాస్తా కంచి అయిపోయింది.

"కంచి ఈడ యాడుండాదప్పా? తూరుపుగా రెండు దినాలు నడువు!"

"కంచి కాదు నాయనా, కుంచె. నువ్వు పట్టుకోనుండేది."

వరదప్ప నాలుక కరుచుకున్నాడు. తప్పు చెవులది కాదు. ఆ పొద్దు అతని ఒళ్లంతా గంజి, బుర్రంతా గంజి.

గుడియాత్తం నేతగాళ్ల వీధిలో, వీధి ఎంత పొడుగో నిలువు పోగుల పడుగు అంత పొడుగు. తెల్లారుతూనే దాన్ని గుంజలకు బిగించి గంజి పట్టించాలి. ఎండ ముదిరేలోగా కుంచెతో దువ్వాలి. కుంచెకు ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు. రెండో మనిషి లేకపోతే పోగులన్నీ అంటుకుపోయి, పడుగు చీపురుకట్టవుతుంది.

అందుకే ఎవరింటి పడుగుకైనా ఇరుగుపొరుగు వచ్చి కొస పట్టడం అక్కడి వాడుక. పిలవక్కర్లేదు.

ఆ పొద్దు పిలిచినా రాలేదు. రావద్దని సావుకారు సుబ్బరాయులు ఇంటింటికీ కబురంపాడు.

వీధిలోని మగ్గాలన్నీ సుబ్బరాయులు నూలుతోనే ఆడేవి. వరదప్ప ఒక్కడే "నీ నూలూ వద్దు, నీ కూలీ వద్దు" అన్నాడు. పెళ్లాం వళ్ళి కమ్మలు అమ్మి, వేలూరు నుంచి నూలుమూట నెత్తిన మోసుకొచ్చాడు. లుంగీలు నేసి, తన సరుకు తానే అమ్ముకుంటానన్నాడు. ఈ పడుగు పాడైతే మళ్లీ ఆ గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడాలి.

మిద్దె మీంచి సుబ్బరాయులు పలకరించాడు.

"ఏం వరదప్పా! పడుగు ఆరేసినావా, పరువు ఆరేసినావా?"

"సావుకారా! సావు నీ పిలుపులోనే ఉండాది. నా పడుగుకు రాదులే!"

నోరైతే పెద్దదే. చేతులే రెండు.

ఎదురింటి అరుణాచలం గడపలో నిలబడి తన కాలివేళ్లు తానే లెక్కపెట్టుకుంటున్నాడు. వళ్ళి గంజిచేతులతో కేక వేసింది.

"ఆరిపోతా ఉండాది! ఎవరైతే ఏమి, పట్టనీ!"

కొత్తవాడు అప్పటికే పంచె ఎగ్గట్టాడు. యాభై దాటిన మనిషి. అవతలి కొస పట్టి, తనే పని చెప్పాడు.

"ఆగి ఆగి కాదప్పా. ఒకే ఊపున రా!"

ఇద్దరూ ఈ గుంజ నుంచి ఆ గుంజకు, ఆ గుంజ నుంచి ఈ గుంజకు నడిచారు. చెమట ధారలు కట్టినా అతను కొస వదల్లేదు. తెగిన పోగులు వళ్ళి అతుకుతూ వచ్చింది. ఎండ ముదిరేసరికి పడుగు దువ్విన జడలా నున్నగా మెరిసింది.

"యాడ అమ్ముతావు?" కొత్తవాడు ఆయాసపడుతూ అడిగాడు.

"నీకెందుకు?"

"తొలి లుంగీ అంగడోడికి ఇయ్యొద్దు. కట్టేవాడికే అమ్ము. రంగు పోతే నిన్నే వచ్చి తిట్టమను. తిట్లు పడేవాడే నిలబడతాడు."

వరదప్పకు అనుమానం మొలిచింది. ఇంతలో కొత్తవాడు మిద్దె వైపు చూసి నవ్వాడు.

"సావుకారు ఇంకా పైనుంచే చూస్తాడా?"

అంతే. వరదప్ప భగ్గుమన్నాడు.

"ఓహో! ఆయన సంగతి నీకెట్ల తెలుసు? నా గుట్టు లాగేదానికి పంపినాడా? వేకువనే వచ్చిన వేగులోడివా నువ్వు?"

వళ్ళి మజ్జిగ చెంబు తెచ్చింది. వరదప్ప అడ్డం నిలబడ్డాడు.

"చుక్క ఇయ్యొద్దు! పో, నీ సావుకారునే అడిగి తాగు!"

కొత్తవాడు చెమట తుడుచుకున్నాడు.

"మొండోడివే. అది ఉండాల. మనిషిని చూసేది కూడా నేర్చుకో నాయనా."

దాహంతోనే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వీధి జనం పడుగు చూడడానికి మెల్లగా చేరారు. వేగులవాణ్ణి తరిమిన కథ వరదప్ప మూడోసారి చెబుతుండగా, తిరువలంలో కూతురి పురుడు చూసుకుని వాళ్లమ్మ రాజాంబాళ్ వచ్చింది.

"పడుగు బాగా వచ్చిందంట కదరా?"

"నీకెవరు చెప్పినారమ్మా?"

"స్టేషన్లో మునియప్పన్. నేను దిగిన రైలే ఆయన ఎక్కినాడు. ఊరు చూసిపోను వచ్చినాడంట. 'దిగులు పడొద్దక్కా, నీ కొడుకు పడుగు ఆరకముందే దువ్వేది అయిపోయినాది' అన్నాడు. బెంగుళూరులో ఇరవై మగ్గాలంట, అన్నీ సొంతం. నేనే మొగం ఎత్తి చూడలేకపోతిని."

"పొద్దున కొస పట్టినోడా? వాడు సావుకారు మనిషమ్మా!"

రాజాంబాళ్ మూట కింద పెట్టింది. మిద్దె మీదికీ వినపడేలా గొంతెత్తింది.

"అందరూ వినండి! సావుకారు నూలు వద్దని ఈ వీధిలో మొట్టమొదట ఎదురు తిరిగినోడు మునియప్పన్. ఇరవై అయిదేండ్లయింది. అప్పుడూ ఇదే కట్టడి. ఒకే ఒకడు తెగించి ఆయనకు కొస పట్టినాడు. సావుకారు కేక వేసేసరికి నడిమధ్యన వదిలేసి, ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు. పడుగంతా ఎండి కట్టెలయింది. ఆ పొద్దే మునియప్పన్ ఊరొదిలి పోయినాడు."

వరదప్ప స్టేషన్ దారి పట్టబోయాడు.

"యాడికిరా? రైలు ఎప్పుడో పోయినాది."

అరుణాచలం నెమ్మదిగా అడిగాడు.

"ఆ పొద్దు కొస వదిలేసినోడు ఎవరమ్మా?"

రాజాంబాళ్ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"వీళ్ల నాయనే."