కుర్చీ దిగని పాప

ఆసుపత్రిలో ఆ పూట రోగులు తక్కువగా ఉండటంతో, ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆ తల్లి కూతుర్ని తీసుకెళ్దామని నర్సరీ బడికి కాస్త ముందుగానే వచ్చింది. తరగతి తలుపు తోసి, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

నాలుగేళ్ల పిల్లలంతా కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నారు. ప్రతి ఒక్కరి నడుమునూ పాత తువ్వాలుతో కుర్చీకి కట్టేశారు. గదంతా ఉచ్చ కంపు.

ఆమె టీచరు మీద విరుచుకుపడింది.

"ఛీ! వీళ్లు పిల్లలా, పశువులా? కాళ్లు పడిపోయినవాళ్లనే లేపి నడిపిస్తాను నేను. గెంతులేసే పిల్లల్ని కట్టేస్తారా? మీకసలు మనసెలా ఒప్పిందండీ?"

"ఒప్పలేదమ్మా," అంది టీచరు. "బల్లలన్నీ గోడకి జరిపి రోజూ కప్పగంతులు వేయించేదాన్ని. పోయిన నెల మీ పాప మోకాలు గీసుకుందని మీరు బడి ఆఫీసులో ఎంత గొడవ చేశారు! నా ఉద్యోగం ఊడినంత పనైంది. ఇక ఒక్క పిల్ల కుర్చీ దిగినా ఊరుకునేది లేదని ఆఫీసువాళ్లు అన్నారు."

తల్లి వంగి కూతురి తువ్వాలు ముడి విప్పింది. పక్క పిల్లాడిదీ, ఆ పక్కదీ విప్పుకుంటూ పోయింది. పిల్లలు బిలబిలమంటూ వరండాలోకి పరుగు తీశారు. ఆమె కూతురు మాత్రం కదల్లేదు.

"వెళ్లమ్మా బంగారం, నువ్వూ పరిగెత్తు."

పాప కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. నేను పడితే నువ్వు మళ్లీ టీచర్ని ఏడిపిస్తావు."